అంచు ముక్క

“దాన్ని ముట్టుకోకు. ఊపిరి పీల్చుకుంటోంది.”

ఆదివారం పొద్దున్న వంటగది గుమ్మం దాటుతూ ఎతియెన్ భార్యతో అన్న మాట అది. ఊపిరి పీల్చుకుంటున్నది పసుపు వైన్ సీసా. పీపాలో ఆరేళ్ళకు పైగా మాగిన ఆ వైన్‌ను తాగబోయే ముందురోజే మూత తీసి ఉంచాలని జూరా కొండల్లో ఎవరిని అడిగినా చెబుతారు. సొలాంజ్ సరేనన్నట్టు తల ఊపి, ఉల్లిపాయలు తరుగుతూనే ఉంది. ఆ ఇంట్లో విశ్రాంతి అవసరమైనవి చాలానే ఉన్నాయి. వైన్ గాలి పీల్చుకోవాలి. నేలమాళిగలోంచి పైకి తెచ్చిన చీజ్ చలి వదిలేదాకా బల్ల మీద సేదదీరాలి. కలిపిన పిండి తడిగుడ్డ కింద నిద్రపోవాలి. పొయ్యిలోంచి దించిన మాంసం కత్తి పడేముందు కాసేపు కుదుటపడాలి. వీటిలో దేన్ని తొందరపెట్టినా రుచి చెడిపోతుందని ఎతియెన్ వచ్చినవారందరికీ వివరిస్తాడు. అందులో చాలావరకు నిజమే. చల్లటి కొవ్వు నాలుక మీద కరగదు, కరగనిదానికి వాసన ఉండదు. ఇది ఎవరైనా పరీక్షించి చూసుకోదగిన సంగతే. అయితే ఈ సూత్రాన్ని మనుషులకు కూడా వర్తింపజేసి చూడాలన్న ఆలోచన ఆ ఇంట్లో ఇంతవరకూ ఎవరికీ కలగలేదు.

ఆ మధ్యాహ్నం భోజనానికి వస్తున్నది అర్మాన్ బువ్రే. కింది లోయలో ద్రాక్షతోటలున్న పెద్దమనిషి, భార్య పోయినవాడు. మూత తీసి ఉంచిన సీసా ఆయన పంపినదే. శీతాకాలపు వైన్ ఉత్సవంలో తన వైన్ పక్కన ఎవరి చీజ్ పెట్టాలో ఆయన ఈసారి తేల్చుకోవాలి. అందుకోసం ఎతియెన్ తన మాళిగలో నీలి చారల గుండ్రటి చీజ్ చక్రం ఒకటి ప్రత్యేకంగా మాగబెట్టాడు. మాగబెట్టాడంటే, ఏ అర మీద పెట్టాలో చెప్పాడు. దాన్ని తిప్పినదీ, ఉప్పునీటి గుడ్డతో తుడిచినదీ, చలికి పగిలిన వేళ్ళకు వెన్న రాసుకుని మళ్ళీ తిప్పినదీ సొలాంజ్. ఆమె ఏం చేస్తుందని ఎవరైనా అడిగితే ఎతియెన్ ప్రేమగానే చెబుతాడు: “మా ఆవిడా? ఉద్యోగమంటూ ఏం లేదు. నాకు తోడుగా ఉంటుంది.” పెళ్ళికి ముందు ఆమె బెజాన్సాన్ నగరంలో పాల పరీక్షశాలలో పనిచేసింది. ఆ సంగతి ఎవరూ దాచలేదు, ఎవరూ ఎత్తనూ లేదు.

పదకొండు కాకముందే బువ్రే వచ్చాడు. ఎతియెన్, కొడుకు రెమి ఆయన్ను మాళిగ చూపించడానికి తీసుకుపోయారు. రెమి వచ్చే వేసవిలో పెళ్ళి చేసుకోబోయే పిల్ల నోల్వెన్ కూడా వాళ్ళతో వెళ్ళింది. వెళ్ళేముందు ఆ పిల్ల వంటగదిలోకి తొంగిచూసి, “నేనేమైనా సాయం చెయ్యనా?” అని అడిగింది. “వద్దమ్మా, అంతా అయిపోయింది,” అంది సొలాంజ్. ఏమీ అయిపోలేదు. ఆ జవాబు ఆమె నోటికి తుమ్ములాగా దానంతటదే వస్తుంది. అత్తగారు బెర్త్ చర్చికి వెళ్ళింది. కోడి వైన్‌లో ఉడుకుతోంది, పుట్టగొడుగులు నానుతున్నాయి. బల్ల మీద చెక్కపలకపై నీలి చీజ్ ముక్క ఒక్కటీ, మొన సొలాంజ్ వైపు తిరిగి, గాజు మూత కింద సేదదీరుతోంది.

చక్రంలోంచి కోసిన ముక్కకు ఒకవైపు మొన ఉంటుంది, ఇంకోవైపు బెరడు. మొన చక్రానికి నడిబొడ్డు. ఉప్పు బయటినుంచి లోపలికి ఇంకుతుంది, నీలి బూజు నడుమనుంచి విచ్చుకుంటుంది. కాబట్టి ఒకే ముక్కలో మొన వెన్నలాగా, అంచు గట్టిగా ఉప్పగా ఉంటాయి. అందుకే పళ్ళెం చేతికి వచ్చినవాళ్ళు మొనను అడ్డంగా కోయకూడదు. మొననుంచి బెరడుదాకా పొడుగ్గా, పలచగా కోసుకోవాలి. నలుగురికీ మంచీ చెడూ సమంగా రావాలన్నది నియమం వెనకనున్న న్యాయం. ఆ దేశంలో పిల్లలు అక్షరాలకంటే ముందు ఈ మర్యాద నేర్చుకుంటారు. మొన కోసినవాడికి పెంపకం లేదని తీర్పు చెప్పేస్తారు, అప్పీలు ఉండదు. చూడ్డానికి నియమం నిర్దోషంగానే ఉంది. అయితే పళ్ళెం తిరిగే వరస ఒకటుంది కదా. ముందు అతిథి, తర్వాత మగవాళ్ళు, తర్వాత పెద్దవాళ్ళు, చిట్టచివర, రొట్టె తేవడానికో నీళ్ళు తేవడానికో లేచి వెళ్ళి తిరిగివచ్చే ఇల్లాలు. అందరూ నియమం తప్పకుండా పొడుగ్గానే కోసుకున్నాక సన్నటి మొన ముందే అయిపోయి, ఆమె ముందుకు వచ్చేసరికి మిగిలేది బెరడు అంటుకున్న మడమ. నియమాన్ని ఎవరూ ఉల్లంఘించలేదు. అయినా ముప్పై ఏళ్ళపాటు సొలాంజ్ అంచే తిన్నది.

మొన మీద చెయ్యి వేసింది ఒక్కసారే. ఆ ఒక్కసారి గుర్తుకొస్తే ఇప్పటికీ ఆమె చెవులు వెచ్చబడతాయి. పెళ్ళికి ముందు ఈ ఇంట్లో తొలి భోజనం. ఆమె తండ్రి గడియారాల ఫ్యాక్టరీలో పనివాడు. వాళ్ళింట్లో చీజ్ అంటే కాగితంలో చుట్టివచ్చే చదరపు బిళ్ళ, దానికి మొనా లేదు మడమా లేదు. పళ్ళెం చేతికి రాగానే దగ్గరగా కనిపించిన మొనను అడ్డంగా కోసి తన పళ్ళెంలో వేసుకుంది. బెర్త్ నవ్వుతూనే అంది: “గడియారాల వాళ్ళమ్మాయి కదా, కన్ను ఎప్పుడూ ముల్లు మొన మీదే ఉంటుంది.” అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. ఆ మొనను మాత్రం తినలేకపోయింది. ఇంకెవరో తీసుకున్నారు. ఆ మాట పెళ్ళిలో చెప్పుకున్నారు, రెమి నామకరణంలో చెప్పుకున్నారు, పొరుగు ఊరి బంధువుల నోళ్ళలో పడి పాతబడి సామెత అయింది. ఎతియెన్ తిండి గురించి మాట్లాడితే అది విద్య. కళ్ళు మూసుకుని, ముక్కలో ఎండుగడ్డి ఉంది, తేనె ఉంది, తడిసిన రాయి ఉంది అంటే జనం చెవులప్పగించి వింటారు. సొలాంజ్ కళ్ళు మూసుకుని ఒక ముద్ద నమిలితే, “అమ్మో, దీనికి తిండి మీద ఎంత మోజో!” అంటారు. అందుకని ఆమె బల్ల దగ్గర కళ్ళు మూసుకోవడం మానేసింది. తినడం వంటగదిలో, నిలబడి, గిన్నె అంచుకు అంటుకున్నదాన్ని వేలితో తీసుకుని, ఎవరైనా వస్తే మింగేసి.

ఆ ఆదివారం ఆమెను కదిలించింది ఆకలి కాదు. మొన ఎక్కువ రుచిగా ఉంటుందని ఆమె ఇన్నేళ్ళూ విన్నది, నమ్మింది, ఆ నమ్మకం మీదనే తనకు దక్కనిదేదో దక్కలేదని లోలోపల బాధపడింది. కాని ఆ నమ్మకానికి ఆధారమేమిటి? తాను తినలేదు. తినని దాని గురించి దుఃఖించడం అశాస్త్రీయం కాదా? పాల పరీక్షశాలలో అయితే ఇలాంటి మాటను ఒక్క పూట కూడా ఊరికే ఒప్పుకునేవాళ్ళు కాదు. సొలాంజ్ చేతులు కడుక్కుంది. గాజు మూత ఎత్తింది. మొన కొసన వేలి గోరంత, అంచు నుంచి ఇంకో గోరంత కోసింది. ముందు అంచు, తర్వాత మంచినీళ్ళు, తర్వాత మొన.

తేడా ఉంది. మొన మెత్తగా, తీపికి దగ్గరగా, నీలి చేదు చివర్లో మాత్రమే తగిలేలా ఉంది. కాని ఇదేనా? ఇంతేనా? ఈ కాస్త మెత్తదనం కోసమా? ఆమెకు నవ్వు వచ్చింది, ఆ వెంటనే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కుర్చీ లాక్కుని కూర్చుంది. ఎదురుగా సీసా ఊపిరి పీల్చుకుంటోంది. చిన్న గ్లాసులో రెండు గుటకలంత పోసుకుంది. వాల్‌నట్ పొట్టు వాసన, ఎండిన ఆపిల్ వాసన, అడుగున వేయించిన మెంతుల వాసన. పీపాలోంచి ఏళ్ళ తరబడి ఆవిరైపోయే భాగాన్ని దేవదూతల వాటా అంటాడు ఎతియెన్. అడగకపోయినా ఆ దేవదూతలకు వాటా ఇవ్వడానికి ఈ ఇంట్లో ఎవరికీ ఎన్నడూ కష్టం అనిపించలేదు. ఆమె ఒక గుటక తాగి మళ్ళీ అంచు నమిలింది. ఈసారి అంచు అద్భుతంగా ఉంది. ముప్పై ఏళ్ళుగా తింటున్న అదే అంచు! వైన్ వల్లనా? కూర్చున్నందువల్లనా? రెండూ ఒకేసారి మార్చింది కాబట్టి పరీక్ష చెడిపోయింది. మళ్ళీ చేయాలి. కూర్చుని, వైన్ లేకుండా మొన. వైన్‌తో మొన. నిలబడి, వైన్‌తో మొన. ప్రతిసారికీ ఇంకో గోరంత కోసుకుంది, నమిలేటప్పుడు కళ్ళు మూసుకుంది. ఎవరూ చూడడం లేదు కాబట్టి చాలాసేపు మూసుకునే ఉంది.

తెరిచేసరికి మొన లేదు.

సిగ్గుకు సాక్షులు అక్కర్లేదు, ఒక సాక్షిని ఎవరికి వారు తమలోనే కూర్చోబెట్టి పోషిస్తూ ఉంటారు. సొలాంజ్ ముఖం ఒక్కసారిగా మండింది. కోసిన చోటును సరిచేద్దామని ఇంకొంచెం చెక్కింది. దాంతో అది మొండి అయిన సంగతి ఇంకా స్పష్టమైంది. పలకను అటూ ఇటూ తిప్పింది. చివరికి వాల్‌నట్ పప్పులు తెచ్చి మొన ఉండవలసిన చోట కుప్పగా పోసింది. మనవల్ని ఎత్తవలసిన వయసులో, బడిపిల్లలా, దొంగతనాన్ని పప్పులతో కప్పుతున్నాను అనుకుంది. గ్లాసు కడిగి, తుడిచి, వెనక వరసలో పెట్టింది. నోరు కూడా కడుక్కుంది.

భోజనం బాగానే సాగింది. బువ్రే కోడిని మెచ్చుకున్నాడు, ఎతియెన్ ఆ మెప్పును వినయంగా స్వీకరించాడు. సలాడ్ అయ్యాక సొలాంజ్ రెండు చేతుల్లో రొట్టె బుట్టలతో వస్తుంటే నోల్వెన్ లేచి, “అది నేను తెస్తానండీ,” అని వంటగదిలోకి వెళ్ళి చీజ్ పలకను తెచ్చింది. తెచ్చి బువ్రే ముందు పెట్టింది. పప్పులు దొర్లిపోయాయి.

బువ్రే కత్తి ఎత్తి, ఆగాడు. “ఎతియెన్, నీ చీజ్ ఎవరితోనో కొట్లాడి వచ్చినట్టుందే!”

ఎతియెన్ చూశాడు. ముందు తెల్లబోయాడు, తర్వాత ఎర్రబడ్డాడు. “మొన ఏది?”

అందరి చూపులూ పలక తెచ్చిన చేతుల మీదికి వెళ్ళాయి. నోల్వెన్ సముద్రతీరపు పిల్ల. ఆ ప్రాంతంలో పుట్టినవాళ్ళు ఉప్పువెన్నతో పెరుగుతారు, చీజ్ వాళ్ళకు చుట్టం కాదు.

“నోల్వెన్, నువ్వా?” అన్నాడు రెమి, నవ్వబోయి.

“నేను ఊరికే తెచ్చాను అంతే...” అంది ఆ పిల్ల. చుట్టూ చూసింది. ఆమె చూపు ఒక్క క్షణం సొలాంజ్ దగ్గర ఆగి, కిందికి దిగింది. “సరే, నావల్లే అనుకోండి. క్షమించండి.”

అప్పుడే చెప్పెయ్యవలసింది. సొలాంజ్ నోరు తెరిచింది కూడా. కాని బయటికి వచ్చిన మాట వేరు. “పోనిద్దురూ, చిన్నపిల్ల. తెలియక చేసింది.”

ఆ మాట ఎంత మెత్తగా, ఎంత దయగా వచ్చిందంటే, దాని మోసం ఆమెకే ఒక నిమిషం ఆలస్యంగా తెలిసింది. ఆరోపణను ఆమె తీర్పుగా మార్చేసింది. ఎతియెన్ ఊపిరి వదిలి, “సర్లే, నేర్చుకుంటుంది,” అన్నాడు. బెర్త్ రుమాలుతో పెదవులు ఒత్తుకుంది. ఎనభై దాటిన ఆ నాలుకకు పదును తగ్గలేదు.

“చేపలవాళ్ళు కదా నాయనా. తలకాయ కోసి అవతల పారేస్తే గాని వాళ్ళకి ముద్ద దిగదు.”

బల్ల అంతా పగలబడి నవ్వింది. బువ్రే నవ్వు అన్నిటికంటే పెద్దది. నోల్వెన్ కూడా నవ్వింది, చెవులు ఎర్రగా కాలుతుండగా. సొలాంజ్‌కు ఇంకో నవ్వు వినిపించింది. అది తనదే. అలవాటైన నవ్వు, అత్తగారి మాటకు కోడలు నవ్వే నవ్వు. పొద్దున తిన్నందుకు పడిన సిగ్గు ఈ సిగ్గు ముందు ఏపాటిది? ఈ మాట ఇక పోదు. వేసవిలో పెళ్ళిలో చెబుతారు. బిడ్డ పుడితే ఉయ్యాల పక్కన చెబుతారు. ముప్పై ఏళ్ళ తర్వాత ఈ పిల్ల రొట్టె తెస్తూ, నీళ్ళు తెస్తూ, అంచు ముక్క నములుతూ ఈ గదిలో తిరుగుతుంటుంది. తనకు ఆ మాట అంటించారంటే, కనీసం తాను నిజంగా మొన కోసింది. ఈ పిల్ల విషయంలో అదీ లేదు. నిజం తెలిసిన మనిషి ఎదురుగా కూర్చుని నవ్వుతోంది.

పలక చేతులు మారడం మొదలుపెట్టింది. బువ్రే పొడుగ్గా కోసుకున్నాడు. ఎతియెన్ కత్తి అందుకుంటున్నాడు.

“నేను తిన్నాను,” అంది సొలాంజ్.

“ఏమిటి?”

“మొన. పొద్దున, మీరంతా మాళిగలో ఉన్నప్పుడు. నోల్వెన్‌కి సంబంధం లేదు. ఆ పప్పులు కూడా నేనే పోశాను, కనబడకుండా.” ఆపితే మాట మళ్ళీ రాదని ఆమెకు తెలుసు. “ఒక్కసారి కాదు. ఐదారుసార్లు కోసుకున్నాను. కూర్చుని తిన్నాను. వైన్ కూడా తాగాను.”

“వైన్ కూడానా?” అన్నాడు ఎతియెన్. నేరాల్లో ఏది పెద్దదో తేల్చుకోలేకపోతున్న గొంతు అది.

“అమ్మా, ఎందుకమ్మా ఇప్పుడిదంతా?” అన్నాడు రెమి. బువ్రే తన గ్లాసులో ఏదో పడినట్టు లోపలికి చూస్తున్నాడు.

ఎతియెన్ కత్తి కింద పెట్టాడు. అతని ముఖంలో కోపంకంటే అయోమయం ఎక్కువగా ఉంది. “నన్నడిగితే ఇచ్చేవాణ్ణి కదా సొలాంజ్. నీకు ఎప్పుడైనా కాదన్నానా? చెప్పు, ఒక్కసారైనా?”

లేదు. నిజంగానే అతను ఎన్నడూ కాదనలేదు. అదే ఆమె ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పుకోలేకపోయిన కష్టం. కాదన్నవాడైతే పోట్లాడవచ్చు.

“అనలేదు,” అంది. “బల్ల మీద ఉన్నదాన్ని నేను అడగాలని నీకెందుకు అనిపించింది?”

అందరూ బెర్త్ వైపు చూశారు. ఈ కథకు ముగింపు పలకవలసిన నాలుక ఆమెది. గడియారాల వాళ్ళమ్మాయి మళ్ళీ మొన కోసింది. ఇంతకంటే చేతికందిన మాట ఏముంటుంది? సొలాంజ్ భుజాలు బిగించుకుని దానికోసం ఎదురుచూసింది. ఎలాగూ వస్తుంది, రానీ, ఈసారి మాత్రం నవ్వను అనుకుంది.

బెర్త్ మొండి అయిన చీజ్ వైపు చూస్తోంది.

“ఎలా ఉంది?” అంది.

“ఏది అత్తయ్యా?”

“అదే. మొన.”

సొలాంజ్‌కు అర్థం కాలేదు. ఎగతాళేమోనని ఆ ముసలి ముఖంలోకి వెతికింది. కనబడలేదు. “మీకు తెలియదా?”

“నాకెలా తెలుస్తుందే?” బెర్త్ గొంతులో ఫిర్యాదు లేదు. నిన్న వాన పడిందని చెప్పినట్టే చెప్పింది. “మంచి చక్రాలు అమ్మకానికి పోయేవి. ఇంట్లో కోసిన రోజున మీ మామగారు, ఆయన తండ్రి, పనివాళ్ళు... నా దాకా వచ్చేసరికి బెరడు. మా అత్తగారు పోయాక కోసేది నేనే కదా. కోసే మనిషి మొన వేసుకుంటే నలుగురూ ఏమనుకుంటారు?”

“అమ్మా!” అన్నాడు ఎతియెన్. “నీకు అంచే ఇష్టమనేదానివి. నా చిన్నప్పటినుంచీ అనేదానివి!”

“అనేదాన్నే,” అంది బెర్త్.

పొద్దుటినుంచి సొలాంజ్ మోస్తున్న సిగ్గు ఆ బల్ల మీద ఎక్కడికి జరిగిందో చెప్పడం కష్టం. ఎతియెన్ తల్లి చేతుల వైపు చూస్తున్నాడు, వాటిని ఇంతకుముందు చూడనట్టు. రెమి తన పళ్ళెంలోకి చూసుకుంటున్నాడు. బెర్త్ సొలాంజ్‌ను ముప్పై ఏళ్ళు నవ్వులపాలు చేసింది, ఇప్పుడే ఇంకో పిల్లను చేసింది. దాన్ని సొలాంజ్ మరిచిపోలేదు, క్షమించాలని కూడా అనుకోలేదు. అయినా ఆ ప్రశ్న న్యాయమైన ప్రశ్న. దానికి సరైన జవాబు ఒక్కటే ఉంది.

“నేను చెబితే మీకేం తెలుస్తుంది అత్తయ్యా? ఒకళ్ళు చెబితే నమ్మే సంగతి కాదది. తిని చూడాలి.” భర్త వైపు తిరిగింది. “మిగతా చక్రం కింద ఉంది కదా. ఇంకో ముక్క కోసుకురా.”

“అది ఉత్సవానికి...” అన్నాడు ఎతియెన్. బువ్రే వైపు చూశాడు. తల్లి వైపు చూశాడు. సొలాంజ్ లేస్తుందేమోనని అలవాటుగా ఒక్క క్షణం ఆగాడు. ఆమె లేవలేదు. ఎతియెన్ కుర్చీ వెనక్కి నెట్టి మాళిగ మెట్ల వైపు నడిచాడు.

బెర్త్ ఒక రొట్టెముక్క తుంచి, దానితో తన కత్తిని మొదలునుంచి చివరిదాకా శుభ్రంగా తుడుచుకోవడం మొదలుపెట్టింది.